ఒక్క పుస్తకంతో నేర్చుకున్న పాఠం

నేను రిటైర్మెంటుకు దగ్గరపడ్డ వయసులో, జగిత్యాలలోని మా పత్రిక డెస్కుకు కొత్త ఆదేశం వచ్చింది. వార్తలు ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా వస్తాయి, వాటిని వెబ్ పేజీగా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవాలి. నేర్చుకోనివాళ్లకు డెస్కులో కుర్చీ ఉండదు.

కళ్లు మండేదాకా బిగినర్ల పాఠాలు చూశాను. నాకు అర్థమైన ఒకే ఒక్క పాఠంలో ఉదాహరణకు పెట్టింది ఒక్క పుస్తకమే. ఫైల్లో మొదట కనిపించిన పేరును తీసే ఆ పద్ధతినే మా వార్తలకూ వాడి పేజీ నెట్‌లో పెట్టేశాను. ఏ వార్తలోని పేరు ఆ వార్తకు రావాలి. నా సూత్రం మాత్రం మొదటి వార్తలోని పేరునే అన్నింటికీ అంటించింది. ఆ మొదటి వార్త, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే రాజమల్లు, నేత కార్మికుల సంఘానికి అధ్యక్షుడయ్యాడని. దాని కింద ఉన్నవి కోరుట్ల, కొడిమ్యాల మరణవార్తలు.

మధ్యాహ్నం రాజమల్లు ఫోన్ చేశాడు.

"సారూ, జనం దండలు వట్టుకొని అచ్చిండ్రు. సన్మానానికా, శవానికా అంటే ఎవ్వలు నోరు విప్పుతలేరు. నేను ముంగట్నే కూసున్నా మా ఆమె ఏడుపు ఆపుతలేదు. జర నువ్వే అచ్చి చెప్పు."

పేజీ తీసేసి సిరిసిల్ల బస్సెక్కాను. రాజమల్లు వాకిట్లో అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. రాజమల్లు నా చేతిలో చాయ్ పెట్టాడు.

"సాంచ నేర్చేటప్పుడు నేను గూడ మస్తు బట్ట ఆగం జేసిన సారూ. గని మనిషినైతే సంపలే."

అందరూ నవ్వారు. ఆయన భార్య మాత్రం ఆయన భుజం మీద నుంచి చెయ్యి తీయలేదు.

నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఒక్క పుస్తకాన్ని చూపించే పాఠాన్ని మాత్రం నమ్మను. పేజీ పంపే ముందు, అట్టడుగు వార్తలో ఉన్న పేరు ఎవరిదో రెండుసార్లు చదువుకుంటాను.