మాస్టారి మీసం, నా మర్యాద

ముందే మనవి చేస్తున్నాను: ఈ కథలో ఒక మీసం పోతుంది. మీసమున్నవాళ్ళు కాస్త గుండె చిక్కబట్టుకుని చదవండి.

రాజమండ్రిలో మా కాలేజీ ఎంత చిన్నదంటే, బొమ్మలు వేసేవాళ్ళకీ నాటకాలు వేసేవాళ్ళకీ కలిపి ఒకటే హాలు. మా రంగు డబ్బాలు తన్నుకుంటూనే వాళ్ళు యుద్ధాలకి వెళ్ళేవారు. రెండో ఏడు మాకో పరీక్ష పెట్టారు. బతికున్న మనిషి మొహానికి ప్లాస్టర్ అచ్చు తియ్యాలి, లేకపోతే ఫెయిల్. నా స్నేహితురాలు సునీతని మొహం అడిగితే, "నాకున్నది ఒక్కటేనే" అంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం నా ఏడుపు చూడలేక నాటకాల మాస్టారు శేషగిరిగారు బల్ల మీద పడుకున్నారు. "నా మొహం వాడుకో అమ్మాయ్. ఆరింటికి నాటకం, నాది రాజు వేషం. ఐదింటికల్లా వదిలెయ్."

రాజు వేషానికి ఆయనకి కిరీటం కూడా అక్కర్లేదు, ఆ మీసం చాలు. గోదావరి వంతెనలా ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి ఉండేది.

ప్లాస్టర్ అంటుకోకుండా నుదుటికి, బుగ్గలకి, కనుబొమలకి కొబ్బరినూనె రాశాను. ఊపిరికి ముక్కులో రెండు స్ట్రాలు పెట్టాను. మీసం దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. గురువుగారి మీసం మీద చెయ్యి వెయ్యడమా! నా పెంపకం ఒప్పుకోలేదు. ఎంతో మర్యాదగా దాన్ని వదిలేసి, పైన ప్లాస్టర్ పోశాను.

గట్టిపడ్డాక లాగాను. అచ్చు రాలేదు. మాస్టారు వచ్చారు.

"ఒసేయ్, మీసానికి నూనె రాశావా?" అంది సునీత.

"ఎలా రాస్తానే? మాస్టారు కదా!"

"ప్లాస్టర్ పోసినప్పుడు ఎవరనుకున్నావే?"

అచ్చు కింద నోరు పెగలక, మాస్టారు చేత్తో తడిమి పెన్సిల్ అందుకుని కాగితం మీద వంకరగా రాశారు: "ఏంటి సంగతి?"

"మీసం కొంచెం అతుక్కుందండి."

"కొంచెమంటే?" అని కింద రాశారు.

"మొత్తమండి."

మాస్టారు మీసం ఉన్న చోట ప్లాస్టర్ని తడిమి చూసుకున్నారు. తర్వాత "టైమెంత?" అని రాశారు.

"నాలుగున్నరండి."

ఈసారి పెద్ద అక్షరాలు: "కత్తెర."

అంచు కాస్త ఎత్తి, సందులోంచి కత్తిరించాను. అచ్చు వచ్చింది, మీసంతో సహా. మాస్టారు అద్దంలోని మనిషిని ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూశారు. నేను భోరుమన్నాను.

"ఏడుపు నాటకం అయ్యాక. బీరువాలో సవరమూ జిగురూ ఉన్నాయి, పట్రా."

వెంట్రుకలు ఎలా కత్తిరించాలో, వరస మీద వరస ఎలా అతికించాలో తన పెదవి మీదే నేర్పారు. నేను మర్యాదగా పైపైన అంటిస్తుంటే, "గట్టిగా నొక్కమ్మా. ఇప్పుడు మొహమాటపడితే రాజ్యం పోతుంది" అన్నారు.

ఆరింటికి రాజుగారు స్టేజీ మీద మీసం మెలేశారు. నేను తెర వెనక కళ్ళు మూసుకున్నాను. ఊడలేదు. చప్పట్లు.

మర్నాడు పరీక్షకొచ్చినాయన అచ్చు చూసి, "మీసం చాలా సహజంగా ఉందే!" అన్నారు. "సహజమేనండి" అన్నాను. పాసయ్యాను.

ఆ వారంలోనే మాస్టారి భార్యగారు నన్ను భోజనానికి పిలిచారు. శిక్ష అక్కడుంటుందనుకుంటూ వెళ్ళాను. ఆవిడ పులస ముక్క వడ్డిస్తూ, "పెళ్ళయిన దగ్గర్నుంచీ తీసెయ్యమంటున్నానమ్మా. నువ్వు ఒక్క పూటలో తీయించావు!" అన్నారు.

మాస్టారు మళ్ళీ మీసం పెంచలేదు. ఇవాళ నాటకాలవాళ్ళకి మీసాలు కట్టడమే నా బతుకుతెరువు. రాజు వేషం పడ్డప్పుడల్లా ఆయన నా దగ్గరికే వస్తారు, అద్దం ముందు బుద్ధిగా మొహం అప్పగిస్తారు. అంత జరిగాక కూడా!

కనుక ఆ మొహం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఎంతటి పూజ్యుల మీసమైనా సరే, ముందు నూనె రాస్తాను. నమస్కారం ఆ తర్వాతే.