కోచ్ గారు విన్న మాట

మా కోచ్ గారు పోయారన్న సంగతి నాకు ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో తెలిసింది. బియ్యం బస్తా ట్రంక్‌లోకి ఎత్తుతుంటే ఫోన్ మోగింది. ఇర్వింగ్‌లో మేము ఇదివరకు ఉన్న అపార్ట్‌మెంట్స్‌లో మా పక్కింటి పద్మ గారు. "మీ టెన్నిస్ కోచ్ పోయారటండీ. ఏసీ ఫిల్టర్ మార్చడానికి మెయింటెనెన్స్ అతను వెళ్తే తెలిసిందట. నిద్రలోనే, హార్ట్ అంటున్నారు" అన్నారు. "అలాగా అండీ" అన్నాను. బస్తా సగం లోపల, సగం బయట. ఇప్పుడు మేముంటున్న ప్లేనో నుంచి ఇర్వింగ్‌కి అరగంట డ్రైవ్. నేను చివరిసారి అక్కడికి వెళ్లి ఎనిమిది నెలలైంది.

ఆయన ఇటలీ మనిషి. వయసులో ఉన్నప్పుడు ప్రొఫెషనల్‌గా టెన్నిస్ ఆడారు. పేరు చెప్పినా మీరు విని ఉండరు, నేనూ వినలేదు. "పేరున్న వాళ్లందరి చేతుల్లోనూ ఓడిపోయాను. వాళ్ల పేరులో నాకూ కొంచెం వాటా ఉంది" అనేవారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. వాళ్ల నాన్న ఒక క్లబ్బులో ఎర్రమట్టి కోర్టులు చదును చేసే పనివాడు. సభ్యుల పిల్లలు ముందు గేటులోంచి వస్తే ఈయన వెనక గేటులోంచి వెళ్లి ఆట నేర్చుకున్నారు. తర్వాత పదిహేనేళ్లు ఊరూరా తిరిగారు. రైళ్లలో నిద్ర, ఇంకొకరితో పంచుకున్న హోటల్ గది, సోమవారం ఓడిపోతే మంగళవారం మరో ఊరు. ఒకే ఒక్కసారి, జనంతో నిండిన పెద్ద కోర్టు మీద, అప్పటి ఛాంపియన్ దగ్గర మొదటి రెండు సెట్లు గెలిచారు. తర్వాత మూడూ ఓడిపోయారు. "గంటన్నర సేపు ప్రపంచంలో నాకంటే మంచి ఆటగాడు లేడు. చాలామందికి అది కూడా దొరకదు" అన్నారు నాతో.

మోకాళ్లు పోయాక ఇక్కడికి, టెక్సస్‌కి వచ్చి ఒక క్లబ్బులో పాఠాలు చెప్పారు. పెళ్లి ఆ ఊళ్ల తిరుగుడులోనే ఎక్కడో చెదిరిపోయింది. పిల్లల్లేరు. ఇటలీలో ఒక చెల్లెలు. రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్స్‌లో సింగిల్ బెడ్రూమ్ తీసుకున్నారు, అక్కడ టెన్నిస్ కోర్టు ఉందని. ఆ కోర్టులో మనవాళ్లు క్రికెట్ ఆడుకుంటారని ఆయనకి చేరాక తెలిసింది.

సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పుతుంటే మా అమ్మాయిని ఆయన దగ్గర చేర్పించాను. రెండు వారాలు వెళ్లి, ఎండగా ఉందని మానేసింది. ఆ మాట ఫోన్‌లో చెబితే బాగుండదని నేనే వెళ్లాను. చుడీదార్, కాళ్లకి చెప్పులు. ఆయన అంతా విని, "మరి నువ్వు?" అని రాకెట్ నా చేతిలో పెట్టి, రేపటి నుంచి రమ్మన్నారు. మా ఆయన అప్పట్లో సోమవారం ఫ్లైట్ ఎక్కి గురువారం తిరిగొచ్చే ప్రాజెక్ట్‌లో ఉండేవారు. నాకు ఇంకా వర్క్ పర్మిట్ లేదు. సాయంత్రం ఐదున్నరకి నువ్వు ఫలానా చోట ఉండాలి అని నాతో ఒక మనిషి అని ఎన్నాళ్లయిందో. మర్నాడే షూస్ కొనుక్కున్నాను.

ఆట అయ్యాక ఆయన కోర్టంతా పొడుగు చీపురుతో ఊడ్చేవారు. సిమెంటు కోర్టుకి ఆ అవసరం లేదు. మట్టి కోర్టులో అయితే తర్వాత వచ్చేవాళ్ల కోసం మన అడుగులు చెరిపి వెళ్లాలట, ఆ అలవాటు పోలేదు. బంతి గీత మీద పడిందా, బయట పడిందా అని నేను గొడవ పెట్టుకుంటే వంగి ఆ చోటు చూసేవారు. "మట్టి అయితే బంతి అచ్చు చూపించి చెప్పేది" అని పాయింట్ నాకే ఇచ్చేసేవారు. నా బ్యాక్‌హ్యాండ్ చూసి "దోసె తిప్పకు, బంతి కొట్టు" అనేవారు. దోసెలు నేను అలవాటు చేసినవే, వాటినే నా మీదకి తిప్పారు. నాకు ఒళ్లు మండి రాకెట్ విసరబోతే, "ముందు కాళ్లు, తర్వాత చెయ్యి, కోపం ఇంటికెళ్లాక" అనేవారు. ఆయన నన్ను 'సిన్యోరా' అనేవారు, మనం అమ్మగారు అన్నట్టు. నేను మొదటి రోజు నుంచీ "కోచ్ గారూ" అనేదాన్ని. అంత పెద్దాయన్ని ఉత్త కోచ్ అనడానికి నోరు రాదు కదా.

రెండేళ్లు గడిచాక ఒక సాయంత్రం వాన పడితే ఇద్దరం మెయిల్‌బాక్సుల షెడ్ కింద నిలబడ్డాం. ఆయన వాన వైపు చూస్తూ, "ఇట్స్ ఇయర్స్, నోబడీ కాల్ మీ కారో, ఓన్లీ యూ" అన్నారు. నాకు 'కాల్ మీ కార్' అని వినబడింది. పాపం కారు రిపేర్‌లో ఉందేమో, ఎక్కడికైనా వెళ్లాలేమో అనుకుని ఫోన్ తీశాను.

"క్యాబ్ బుక్ చేయనా కోచ్ గారూ? ఎక్కడికి?"

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. "అదే! ఇప్పుడు మళ్లీ అన్నావు చూడు. కోచ్ కారో."

ఇటాలియన్‌లో కారో అంటే ప్రియమైనవాడు అని అర్థమట. 'కోచ్' తర్వాత వచ్చే నా 'గారు' ఆయన చెవికి అలా చేరింది. రెండేళ్లుగా రోజూ సాయంత్రం ఒక పరాయి ఆవిడ తనని తన సొంత భాషలో ప్రియమైన కోచ్ అని పిలుస్తోందనుకుంటున్నారు ఆయన. "ఎక్కడ నేర్చుకున్నావని అడుగుదామనుకున్నాను. అడిగితే మానేస్తావేమోనని ఊరుకున్నాను" అన్నారు.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. గారు అంటే మర్యాద, ఎదుటి మనిషిని కాస్త ఎడంగా నిలబెట్టే మాట అని. ఆయన ముఖం చూశాక చెప్పలేకపోయాను. అప్పటి నుంచీ ఆయనకి ఎవరైనా చెప్పేస్తారేమోనని ఒకటే బెంగ. మా అపార్ట్‌మెంట్స్‌లో నోరు తెరిస్తే గారు వినబడుతుంది మరి.

నేను భయపడ్డట్టే, దీపావళికి అందరూ తలో వంటకం తెచ్చే పాట్‌లక్‌కి ఆయన కూడా వచ్చారు. అక్కడ ఇద్దరు పార్కింగ్ గురించి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. "రావు గారూ, నా స్పాట్‌లో మీ వ్యాన్ పెట్టడం ఏంటండీ?" "మీ పేరు రాసుందా అక్కడ, ప్రసాద్ గారూ?" కోచ్ గారు పులిహోర ప్లేటు పట్టుకుని కళ్లార్పకుండా చూశారు. ఇంటికి వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఎంత మంచి జనం సిన్యోరా మీరు! తిట్టుకునేటప్పుడు కూడా ప్రియమైనవాడా అనే తిట్టుకుంటారు" అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాత నాకు వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ప్లేనోలో ఇల్లు కొనుక్కున్నాం. ఆదివారాలు వస్తానని మాటిచ్చాను. మొదటి మెసేజ్ రాసేటప్పుడే చిక్కొచ్చింది. నోటితో అంటే ఎలా అన్నా చెల్లుతుంది, రాయడం ఎలా? గారు అనా, కారో అనా? కాసేపు ఆలోచించి ఇంగ్లీషు అక్షరాల్లో 'కోచ్ కారో' అని రాశాను. ఆ రోజుతో అది ఆయన పొరపాటు కాకుండా పోయింది, నా మాట అయింది. నా ఫోన్‌కి మాత్రం అది నచ్చలేదు, దానంతట అదే దిద్ది 'కోచ్ కార్' చేసేది. ఒకసారి అలాగే వెళ్లిపోతే ఆయన "బ్రూమ్ బ్రూమ్" అని కారు చప్పుడు చేస్తూ జవాబిచ్చారు. ప్రతిసారీ వెనక్కి వెళ్లి ఆ చివరి అక్షరం పెట్టేదాన్ని. కొన్నాళ్లు పెట్టాను. తర్వాత మీటింగులు, సాఫ్ట్‌వేర్ రిలీజులు, మా అమ్మాయి కాలేజ్ అప్లికేషన్లు. 'హాయ్ కోచ్, ఈ వారం బిజీ, నెక్స్ట్ సండే ష్యూర్.'

ఆయన చివరిసారి పంపింది ఒక్క ముక్క: "సిన్యోరా, నా మీద కోపం వచ్చిందా?" మీటింగ్‌లో ఉండగా చూశాను. రావడం లేదని అలిగారనుకుని, "అయ్యో లేదు, బిజీ అంతే" అని కొట్టి, ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఆయన "ఓకే" అన్నారు.

ఆయన పోయాక బట్టలు మడతపెడుతూ ఆ మెసేజ్‌లన్నీ మొదటి నుంచి చదివాను. కోచ్ కారో. కోచ్ కారో. కోచ్ కార్. కోచ్ కారో. కోచ్. ఆ తర్వాత అన్నీ కోచ్, కోచ్, కోచ్. చొక్కా చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నేను రాకపోవడం గురించి కాదు ఆయన అడిగింది. ఈ దేశంలో తనంటే ఇష్టమున్న మనిషి ఒకరున్నారనుకున్నారు, ఆ మనిషి ఒక అక్షరం దిద్దడానికి బద్ధకించింది. నాకు ఆయనంటే నిజంగానే చాలా ఇష్టం. ఆ సంగతి ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను, ఆయనకి చెప్పాల్సింది.

ఇక్కడ అంత్యక్రియలేవీ జరగలేదు. చెల్లెలు ప్రయాణం చేయలేనంత పెద్దావిడ కాబట్టి అస్థికలు ఆవిడకే పంపుతారట. వెళ్లడానికి ఒక చోటు లేదు, రోజు లేదు. మూడు ఆదివారాలు ఏదో ఒక పని పెట్టుకుని గడిపి, నాలుగో ఆదివారం మధ్యాహ్నం ఇర్వింగ్ వెళ్లాను. గేటు దగ్గర నా పాత కోడ్ కొట్టాను. తీసుకోలేదు. మళ్లీ కొట్టాను. లోపల వాకింగ్ చేస్తున్న తెలుగావిడ ఒకరు చూసి వచ్చి, పక్కనున్న చిన్న గేటు తీసి, అది మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టారు. నేనెరగని మనిషి.

"ఎవరింటికండీ?" అన్నారు.

ఆయన అపార్ట్‌మెంట్ నంబర్ చెప్పాను.

"అది ఖాళీగా ఉందండీ. నిన్ననే కొత్త కార్పెట్ వేశారు, వాసన పోవాలని కిటికీలు తీసిపెట్టారు. చూడ్డానికి వచ్చారా?"

"అవునండీ" అన్నాను. "చూడ్డానికే వచ్చాను."

ఆవిడ గేటు ఇంకాస్త వెనక్కి తోసి, నాకు దారి ఇచ్చారు.