కాకులు నమ్మిన పిస్తోలు

మల్కాపురంలో ఉండే మా బావకి, అచ్చం నిజమైన వాటిలా కనిపించే ఎయిర్ పిస్తోళ్లు సేకరించే పిచ్చి. పోర్టులో డ్యూటీ దిగగానే పాత సామాన్ల కొట్లన్నీ గాలించేవాడు. కర్ర పిడి ఉన్న ఒక రకం కోసం ఏళ్ల తరబడి వెతికి, చివరికి పెందుర్తిలో ఒకాయన దగ్గర ఉందని తెలుసుకున్నాడు. వెళ్లి తెచ్చుకునేలోపే గుండెపోటుతో పోయాడు.

పదో రోజున ఫిషింగ్ హార్బర్ పక్కన ఒడ్డున పిండం పెట్టాం. చుట్టూ బోలెడు కాకులున్నా ఒక్కటీ ముట్టలేదు.

"ఆడికేదో కోరిక మిగిలిపోనాది," అన్నారు పెద్దలు. ఎవరెన్ని మాటలిచ్చినా కాకి కదల్లేదు.

నాకు చటుక్కున తట్టింది. బావ దాచుకున్న వాటితో పాటు ఉంచుదామని ఆ ఉదయమే పెందుర్తి నుంచి తెచ్చిన కర్ర పిడి పిస్తోలు సంచిలోంచి తీసి, "ఇదిగో బావా, నీకోసం తెచ్చినాను," అంటూ పిండం పక్కన పెట్టాను.

అంతే! కాకులన్నీ కావుకావుమంటూ లేచిపోయాయి. పంతులుగారు కూడా వెనక్కి దూకారు. అందరూ తలో తిట్టూ తిడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పిస్తోళ్ల గురించి బావతో రోజూ పోట్లాడిన మా అక్క మాత్రం, ఆయన పోయాక మొదటిసారి నవ్వింది.

"కాకులు కూడా నిజవనుకున్నాయిరా! మీ బావుంటే ఎంత మురిసిపోయీవోరో," అంది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

పిస్తోలు తీసి కొంగులో చుట్టుకుని, సముద్రం వైపు చూస్తూ, "ఒక్కటీ అమ్మను. అన్నీ నానే తుడిసి పెడతాను," అంది.

కాసేపటికి ఒక కాకి వచ్చి పిండం ముట్టింది. "నా మాట ఇన్నారు," అంది అక్క.

పిస్తోలు కనబడకపోవడం వల్లే కాకి వచ్చిందని నాకు తెలుసు. ఆ సంగతి అక్కతో ఇప్పటికీ అనలేదు.