ఒక్క పట్టా, రెండు కల్లాలు

కల్లంలో మిరపకాయ తిరగేస్తుంటే ఫోన్ వచ్చింది. "నాయిన పోయిండక్కా" అన్నాడు బాబాయ్ వాళ్ల పెద్దబ్బాయి. "అట్లనా" అని ఫోన్ పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఏడాదిగా ఆయనతో మాటల్లేవు మరి.

బాబాయ్ అంటే చుట్టమేం కాదు. పర్ణశాల దగ్గర మా కౌలు చేను పక్కన ఆయన చేను, మా కల్లం పక్కన ఆయన కల్లం. పెళ్లై వచ్చిన కొత్తలో మిరప సాగులో నాకు ఓనమాలు తెలియవు. నేర్పింది ఆయనే. ఎండిన కాయను చెవి దగ్గర పెట్టి ఆడించేవాడు. లోపల గలగలమంటేనే సంచికి ఎత్తనిచ్చేవాడు.

"గింజలు మాట్లాడాలె బిడ్డా. అప్పటిదాక మనం బేరం మాట్లాడొద్దు" అనేవాడు. ధర పెరిగిందని పచ్చికాయ ఎత్తుకుపోయేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంట.

ఖర్చు దగ్గర మాత్రం గట్టివాడు. ఖమ్మం యార్డుకు ఇద్దరి సరుకూ ఒకే బండిలో వేసేవాళ్లం, కిరాయి కలిసొస్తుందని. నన్ను టార్పాలిన్ పట్టా కూడా కొననివ్వలేదు. "నా పట్టా ఇద్దరికి సరిపోతది. ఎందుకు దండగ?" అన్నాడు. నిజమే, మబ్బు పట్టినప్పుడల్లా చెరో కొసా పట్టుకుని రెండు కల్లాల మీదుగా లాగేవాళ్లం. ఎక్కడ తొందరపడాలో, ఎక్కడ చెయ్యి బిగబట్టాలో, ఎక్కడ అసలు తగ్గకూడదో ఆయన్ని చూసే తెలుసుకున్నాను. ఇప్పటికీ పొయ్యి కొన్నా, పిల్లకు బడి చూసినా, గింజలు మాట్లాడుతున్నాయా అనే నన్ను నేను అడుగుతాను.

కిందటేడు ఓ రోజు ఆకాశం తేడాగా కనిపించింది. "బాబాయ్, ఇయ్యాల్నే ఎత్తుదమా?" అన్నాను. నా కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు.

"ఇంకా మాట్లాడతలేవు. రెండు ఎండలు ఆగు. నావి గూడ గంతే. కలిసే పోదం."

మర్నాడు పొద్దున వెళ్లేసరికి ఆయన కల్లం ఊడ్చినట్టుంది. కాయ లేదు, పట్టా లేదు. బండి మీద తన సరుకుకు అదే కప్పుకుని పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం వాన దంచింది. పాత చీరలు, ఎరువు సంచులు, దొరికిందల్లా కప్పాం. అయినా కాయంతా తెల్లబడి తాలు కింద కారుచౌకగా పోయింది. ఆ వేసవంతా మా ఆయన ఇల్లందులో కూలికి పోయాడు.

తర్వాత బాబాయ్ ఒకటి రెండుసార్లు గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. నేను తల తిప్పుకున్నాను. నేర్పినవాడే ముంచితే ఆ కడుపుమంట వేరు. ఇది రాస్తుంటే కూడా మండుతూనే ఉంది.

కడసారి చూపుకు వెళితే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీకు ఆగమని చెప్పొచ్చిన మాపటేళే దవాఖానోళ్లు పోన్ చేసిన్రు, ఆయనకు జల్దీ ఆపరేషన్ చెయ్యాలని. పైసలకు పచ్చికాయే ఎత్తుకపోయిండు. నీకు గన్ని చెప్పి, నేనే పచ్చిది అమ్ముకుంటున్నని ఎట్ల చెప్పాలె అని సిగ్గుపడ్డడు బిడ్డా."

"సిగ్గు ఆయనది, తడిసింది నా కాయ గద చిన్నమ్మా. ఒక్క మాట చెప్తే నేనో పట్టా తెచ్చుకునేదాన్ని."

శవం దగ్గర అనాల్సిన మాట కాదు. అనేశాను. ఆమె "అవ్" అని తల వంచుకుంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

దినాలయ్యాక పెద్దబ్బాయి పట్టా తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. "నీకియ్యమన్నడక్కా నాయిన" అన్నాడు. వద్దనబోయాను. కల్లం నిండా కాయ ఉంది, నోరు మూసుకుని తీసుకున్నాను.

నిన్న మళ్లీ మబ్బు పట్టింది. కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తే ఇంకా మాట్లాడటం లేదు. ఎత్తలేదు. ఒక్కదాన్నే ఈ కొసా ఆ కొసా లాగి పట్టా కప్పాను. నా కాయంతా కప్పడానికి పట్టాలో సగమే సరిపోయింది. మిగిలిన సగం ఈ ఏడు కాయ పోయని ఆయన కల్లం మీద పడింది. మడిచి ఇటు లాక్కుందామనుకున్నాను. లాక్కోలేదు. చినుకులు రెండు వైపులా ఒకే చప్పుడుతో పడ్డాయి.