తప్పులు తగ్గిన నోటుబుక్కు

ముప్పై నాలుగేళ్లు సర్కారు బడుల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మెదక్‌లో మా ఇంట్లోనే సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పెద్దవాళ్లకు చెబుతున్నాను. వారానికొక పేజీ రాయిస్తాను. పైన తారీఖు వేసి, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, కింద వాటి లెక్క నేనే రాస్తాను.

గాజుల దుకాణం ఆయన భార్య ఒకామె చేరింది. దూరవిద్యలో డిగ్రీ చదివింది. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. అదంతా ఇంగ్లిష్‌లోనే. "ఈసారి రాకుంటే షాపుల కూసోమంటడు మేడం మా ఆయన" అని మొదటి రోజే చెప్పింది.

ఐదు వారాల్లో ఆమె తప్పులు పంతొమ్మిది, పదిహేను, పది, ఐదు, ఒకటి. నాకు చాలా తృప్తిగా ఉండేది. శుక్రవారం వచ్చి "సోమవారమే ఇంటర్వ్యూ. వస్తదంటరా నాకు?" అని అడిగింది. ఎంత మెరుగైందో చూపిద్దామని ఐదు పేజీలూ వరుసగా పరిచాను. వాక్యాలు అప్పుడే మొదటిసారి లెక్కపెట్టాను. పద్నాలుగు, పదకొండు, ఎనిమిది, ఐదు, మూడు. మొదటి వారం వాక్యానికి ఒకటికి పైగా తప్పు. నాలుగో వారమూ వాక్యానికొక తప్పే. చివరి పేజీలో పొద్దున లేస్తాను, వండుతాను, షాపుకు పోతాను, అంతే.

"గింత చిన్నగ రాస్తున్నవేంది?"

"పెద్దగ రాస్తే మీరు ఎర్రగ చేస్తరు గద మేడం. మా ఆయన నా నోటుబుక్కు చూసి, ఏందే, దీనికి గూడ మెహందీ పెట్టినవా అన్నడు."

"మాట్లాడేటప్పుడు?"

"గప్పుడు గూడ గంతే. తప్పు పోతదని నోరే తెరుస్తలేను."

ఇంటర్వ్యూలో మూడు వాక్యాలు చెప్పి కూర్చుంటే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆమెను అలా చేసింది నా పెన్నే. దాన్ని సొరుగులో పెట్టేశాను. శుక్ర, శని, ఆదివారాలు రోజూ పది నిమిషాలు గడియారం చూసి మాట్లాడించాను. మధ్యలో ఆపలేదు. ఆపకుండా ఉండటం నాకు కష్టమే అయింది. పెళ్లికూతురి చేతికి గాజులు పట్టక వాళ్లమ్మ దుకాణంలోనే గొడవకు దిగిన సంగతి ఆమె తప్పుల మీద తప్పులతో చెప్పింది. నాకు మొత్తం అర్థమైంది, నవ్వొచ్చింది కూడా. చివర్లో ఒక్కటే దిద్దాను. జరిగిపోయినదాన్ని జరగబోయేదిలా చెప్పింది, అక్కడ మాత్రం వినేవాళ్లు తికమకపడతారు.

సోమవారం నాలుగింటికి ఆటో దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది.

"ఎంతసేపు మాట్లాడినవ్?"

"ఏమో మేడం, వాళ్లే చాలన్నరు. ఆరు తప్పులు చేసిన. రెండు అక్కడ్నే నేనే సరిచేసి మల్ల చెప్పిన."

"నవ్విన్రా?"

"ఎవ్వరు నవ్వలే. ఒకాయనైతే చాయ్ తాగుకుంట కూసున్నడు."

"మరి ఉద్యోగం?"

"ఒకటో తరగతి ఇచ్చిన్రు. రేపే రమ్మన్నరు."

మిగిలిన నాలుగు తప్పులు ఏవని అడిగాను.

"ఆదివారం చెప్త మేడం. జర పోనియ్యుండ్రి, చీర ఇస్త్రీ చేసుకోవాలె" అని లేచింది.