లైన్లో నా బిందె

మా బోధన్ గల్లీలో నల్లా దగ్గర మనుషులు లైన్లో నిలబడరు, బిందెలు నిలబడతాయి. పొద్దున్నే బిందె పెట్టి ఎవరి పనికి వాళ్లు పోతారు. ఒకరి బిందెను ఇంకొకరు జరపరు. రెండు రోజులకోసారి వచ్చే ఆ నల్లా నిజాంసాగర్ గేట్లు ఎత్తినంత చప్పుడు చేసి, దారంలా సన్నగా కారేది.

కరోనా ఎండాకాలంలో ఆ రోగం నాకూ అంటుకుంది. నా భార్య ధర్పల్లిలో తల్లిగారింట్లో చిక్కుకుపోయింది. ఇంట్లో నేనూ, ఒక బకెట్టూ మిగిలాం. ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక ఆడగొంతు చేతులు కడుక్కోమనేది. ఆ రోజుల్లో నాతో మర్యాదగా మాట్లాడింది ఆవిడొక్కతే. ఆవిడ చెప్పినన్నిసార్లు కడిగితే నా రెండు చేతులకే మంజీర నది చాలదు.

మూడో రోజు కిటికీలోంచి చూస్తే, చీకట్లోనే పెట్టొచ్చిన నా బిందె లైన్లో లేదు. మురుగు పారే మోరీ పక్కన బోర్లా పడి ఉంది.

ఎదురింట్లో బీడీలు చుట్టే అక్క తన గడపలోంచే అరిచింది.

"అన్నా, నీ బిందె తీసేసిండ్రు. బయటికి రాకు, లొల్లి అయితది!"

"మరి తాగుడెట్ల అక్కా? కడుక్కునుడెట్ల?"

"జర ఆగు."

సాయంత్రం మూతికి కొంగు చుట్టుకుని, చంకలో బిందెతో వచ్చింది. తడిపితేనే బీడీ ఆకు మెత్తబడి చుట్టడానికి వస్తుంది. ఆమె నీళ్లలో సగం దానికే పోయేవి.

"కార్ఖానా బంద్. ఆకే లేదు, ఇగ తడుపుడేంది? ఆకు నీళ్లు నువ్వు వాడుకో. బకెట్ గడప మీద పెట్టి దూరం జరుగు. ఇంకా జరుగు. మహారాష్ట్ర దాకా జరుగన్నా!"

జరిగాను. ఆమె నీళ్లు పోసే ఆ అర నిమిషమే నాకు జాతర. మిగతా పొద్దంతా గోడ మీది బల్లికి నా జీవితచరిత్ర చెప్పాను. మూడుసార్లు ఓపిగ్గా వింది. నాలుగోసారి ఇల్లు మారింది.

నయమయ్యాక బిందెను మెరిసేలా తోమి లైన్లో పెట్టాను. కాసేపటికి చూస్తే దాని ముందూ వెనకా బర్రె పడుకునేంత ఖాళీ. తిట్టినా బాగుండేది.

అప్పుడు అక్క వచ్చి తన బిందెను నా బిందెకు ఆనించి పెట్టింది. టంగుమంది.

"ఆకు వచ్చిందన్నా. ఇగ నీ నీళ్లు నువ్వే పట్టుకో," అని గబగబా లోపలికి పోయింది.

ఇక ఆమె మా గడపకు రాదు, నల్లా వస్తేనే బయటికి వస్తుంది. మా గల్లీలో ఎవరూ చేయని పని ఆ రోజు చేశాను. నల్లా వచ్చేదాకా ఆ రెండు బిందెల పక్కనే నిలబడ్డాను.