పానం మంచిగ లేదు

బాపుకు నేను నేర్పిచ్చిన మాట ఒక్కటే. "నాకు రెండు రోజుల నుంచి జ్వరంగా ఉంది, ఒళ్లు నొప్పులుగా ఉన్నాయి." గంతే. గీ ముక్కను నాలుగు దినాలు చెప్పిచ్చిన. డ్యూటీకి పోయేటప్పుడు ఒకసారి, వచ్చినంక ఒకసారి, బువ్వ తినేటప్పుడు ఒకసారి. బాపు ప్రతిసారి మంచిగనే మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి "ఒళ్లు నొస్తుంది" అనేటోడు. నాకు మండిపోయేది. "నొప్పులుగా ఉన్నాయి బాపూ! ఉన్నాయి! దీర్ఘం తియ్యి!" అని ఒర్రేదాన్ని. మా అమ్మ రొట్టెలు చేసుకుంటనే, "జ్వరం లేని మనిషికి జ్వరం తెప్పిచ్చేటట్టున్నవ్ పిల్లా" అన్నది.

మాది సూరత్‌ల గోడాదరా బస్తీ. బాపు సాంచాల మీద పని చేస్తడు. సాంచాలంటే బట్ట నేసే మరమగ్గాలు. కరీంనగర్ దిక్కుకెళ్లి పెండ్లి కాకముందే వచ్చిండు, నేను పుట్టింది పెరిగింది ఈడనే. నేను ఇంట్లనే కూసోని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిచ్చుకొని పని చేస్త. ఎవరెవరో ఫోన్ల రికార్డు చేసిన తెలుగు మాటలు విని టైపు కొట్టుడే నా పని. గా రాతలను, గా గొంతులను కలిపి మిషన్‌కు పెడ్తరు, మిషన్ తెలుగు నేర్చుకుంటది. నది అవతల ఒక కాలేజీల సార్ దాన్ని తయారు చేస్తున్నడు. దవాఖానల చీటీలు రాసే కౌంటర్ కాడ పెట్టాలని ఆయన ఆశ. మనోళ్లు తెలుగుల రోగం చెప్పుకుంటే, అది డాక్టర్‌కు గుజరాతీల రాసి చూపెట్టాలె.

గా పని ఎంత అవసరమో నాకంటే ఎవలకు ఎక్కువ తెల్వదు. చిన్నప్పుడు మా గల్లీకి గా మిషన్‌ను నేనే. ఎవలకు బాగలేకున్నా బడి బంద్ పెట్టిచ్చి నన్ను తోల్కపోయేటోళ్లు. పెద్ద పెద్ద ఆడోళ్లు చెప్పరాని బాధలన్నీ పదేండ్ల పిల్ల చెవుల చెప్పుకుంటే, నేను డాక్టర్‌కు గుజరాతీల చెప్పాలె. సగం నాకే సమజ్ కాకపోయేది. మరి ఇన్నేండ్లు ఉండి హిందీ రాదా అంటరేమో. వస్తది. మా బాపు అంటడు, "సేటుతోని మాట్లాడెటందుకు హిందీ ఉన్నది, కూరగాయలు కొనెటందుకు గుజరాతీ ఉన్నది. పానం బాగలేనప్పుడు మాత్రం నోట్లకెళ్లి తెలుగే వస్తది." పానం అంటే మా దిక్కు ఒంట్లె ఎట్లున్నదన్న ముచ్చట. పొద్దున లేస్తే ఒకలనొకలు అడిగేది గదే, "పానం మంచిగున్నదా?"

సార్ వాళ్ల కాలేజీల మూడు దినాల అంతర్జాతీయ మీటింగు పెట్టిండ్రు. మనుషుల భాషను మిషన్లకు నేర్పి నిజంగ పనికొచ్చేటట్టు ఏమేం చెయ్యొచ్చనేది ముచ్చట. వేరే వేరే దేశాలకెళ్లి పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు. రెండో దినం మా మిషన్‌ను అందరి ముంగట నడిపి చూపెట్టాలె. దవాఖానోళ్లు సుత వచ్చి చూస్తరు, నచ్చితే వచ్చే నెలనే కౌంటర్ మీద పెట్టుకుంటరు. సార్ నన్ను పిలిచి, "నటించే మనిషి వద్దు, నిజమైన కార్మికుడు కావాలె, మీ నాన్నను తీసుకరా" అన్నడు. సరే అన్న. గా దినం నుంచి నాకు నిద్ర లేదు.

ఎందుకంటే నేను చేసిన దొంగపని నాకొక్కదానికే ఎరుక. విన్నది విన్నట్టు రాయాలె, అదీ రూలు. నేను గట్ల రాయలే. చిన్నప్పుడు తెలుగు బళ్లె ఒక టీచరమ్మ ఉండె. నేను "గిట్ల" అంటే, "గిట్ల ఏమిటే గిట్ల? పో, నోరు కడుక్కుని రా" అని నల్లా కాడికి తోలేది. నేను నిజంగనే పోయి పుక్కిలిచ్చి వచ్చేదాన్ని. గా నీళ్ల రుచి ఇప్పటికీ నాలుక మీద ఉన్నది. హెడ్‌ఫోన్ల మా గల్లీ ఆడోళ్లు "ఏంది" అంటే నా చేతులు వాటంతటవే "ఏమిటి" అని కొట్టేవి. దవాఖాన అంటే ఆసుపత్రి. నొస్తుంది అంటే నొప్పిగా ఉంది. పానం అంటే ఆరోగ్యం. మా వాళ్ల పరువు కాపాడుతున్న అనుకున్న. హైదరాబాద్‌ల కూసోని నా రాతలు చూసే మేడం వినకుండనే చదివేదేమో, "మీ తెలుగు చాలా శుద్ధంగా ఉంది" అని మెచ్చుకునేది. నేను ఉబ్బిపోయేదాన్ని. సార్‌కు తెలుగు రాదు.

మీటింగుకు రెండు వారాల ముందు తెలిసింది. టీవీ వార్తల లెక్క మాట్లాడితే మిషన్ ముత్యాల లెక్క రాస్తుంది. మా అమ్మ మాట్లాడితే మాత్రం ఏందేందో రాస్తుంది. ఎవల తప్పో నాకు గప్పుడే అర్థమైంది. చెప్పిన్నా? చెప్పలే. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. చెప్తే కొలువు పోతది, సార్ ముంగట మొఖం చెల్లదు. అందుకే మిషన్‌ను బాగు చేసుడు ఇడిచిపెట్టి బాపు నోరును బాగు చేసుడు మొదలుపెట్టిన.

గా దినం పొద్దుగాల ఏడింటికి బాపు షుగర్ గోలీ ఏసుకున్నడు. అమ్మ రొట్టె పెట్టబోతే "ఆడ పెడ్తరట గదా" అని లేచిండు. కొత్త తెల్లంగి ఏసుకున్నడు, మడతల గీతలు సుత పోలే. రెండు ఆటోలు మారి పోయినం. ఆడ నాస్తా మంచిగనే పెట్టిండ్రు, ఖమణ్, పచ్చ చట్నీ, జిలేబీ. బాపు ప్లేటు చేతుల పట్టుకొని నిలవడ్డడు. చుట్టూ కోట్లేసుకున్నోళ్లు, మెడల కార్డులు. ఖమణ్ ముక్క నోటి కాడికి తీస్కపోతుంటే నేనే అన్న, "బాపూ, చట్నీ అంగి మీద పడ్తది. అయిపోయినంక తిందువు తియ్." బాపు ప్లేటు పెట్టేసిండు.

మా వంతు పదకొండింటికని చెప్పిండ్రు. ముందు మాట్లాడే పెద్దమనిషి మైకు ఇడువలే. పన్నెండయింది. మధ్యల ఇంకొకలు. పగటీలి ఒంటిగంట కావచ్చింది. బాపు నా పక్కన కూసోని, "బిడ్డా…" అని ఏదో చెప్పబోయిండు. నేను చెప్పనియ్యలే. "మాట మర్చిపోకు బాపూ, మళ్లొకసారి చెప్పు" అన్న. చెప్పిండు. "ఉన్నాయి" సుత దీర్ఘం తీసి సక్కగ చెప్పిండు. నుదురు మీద చెమట బొట్లు. గా ఏసీల నాకు చలి పెడ్తుంటే ఆయనకు చెమటలు. భయపడ్తున్నడనుకున్న. నా భయం నాకున్నది గదా, ఎవలను చూసినా భయమే కనవడ్డది.

పిలిచిండ్రు. బాపు మైకు ముంగట నిలవడ్డడు. సాంచాల చప్పుడుల ఇన్నేండ్లు పని చేసిన మనిషి, మామూలుగ మాట్లాడితేనే పక్కింటోళ్లకు వినవడ్తది. గా దినం గొంతే లేవలే. "నాకు రెండు రోజుల…" అన్నడు. ఆగిండు. నా పెదవులు మిగతా ముక్కను లోపల్లోపల చెప్తున్నయి. బాపు మైకును ఇడిచిపెట్టి నా దిక్కు చూసి అన్నడు, "బిడ్డా, నా పానం మంచిగ లేదు."

ఎనకాల తెర మీద గుజరాతీల అక్షరాలు పడ్డయి, దాని కింద ఇంగ్లీషుల. రెండింట్లనూ ఒకటే మాట. నా తాగుడు సరుకు మంచిగ లేదు అని.

హాలు గొల్లుమన్నది. మందు అమ్మరాదు తాగరాదు అన్న గుజరాత్‌ల నిలవడి గా మాట! ముంగటి వరుసల ఒకాయన, "కాకా, మంచి సరుకు కావాలంటే బార్డర్ దాటాలె!" అని హిందీల ఒర్రిండు. మళ్ల నవ్వు. సార్ సుత ఏం చెయ్యాలో తోచక నవ్విండు. నేను ఏం చేసిన్నో చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గయితది. తల వంచుకున్న. బాపు మీద కోపమొచ్చింది. నాలుగు దినాలు నేర్పిస్తే, ఒక్క మాట చెప్పరాదా అని.

"పానం ఎట్లనో అయితుంది బిడ్డా" అన్నడు మళ్ల. గప్పుడు తల లేపిన. బాపు రెండు చేతులతోని బల్లను పట్టుకున్నడు. గా చేతులు వణుకుతున్నయి. మొఖం ఆయన అంగి లెక్కనే తెల్లగయింది. ఆయన నాటకం మాట చెప్తలేడు, నాకు చెప్తున్నడు. గా హాలు మొత్తంల గా మాట తెలిసినది నేనొక్కదాన్నే, గా నేనే కూసోని ఉన్న.

ఎట్ల ఉరికిన్నో ఎరుక లేదు. నేను చేరేసరికి బాపు కింద కూలవడ్డడు, మైకు పడి కీమన్నది. దవాఖాన నుంచి వచ్చిన డాక్టరమ్మ వచ్చి నాడి పట్టుకొని, తెర దిక్కు ఒకసారి చూసి, నన్ను అడిగింది, "తాగిండా?" ఆమె తప్పేం లేదు, తెర మీద గదే రాసి ఉన్నది. "షుగర్! షుగర్ పేషెంట్! గోలీ ఏసుకున్నడు, పొద్దటి సంది ఏం తినలే!" అని ఒర్రిన. ఏ భాషల ఒర్రిన్నో నాకు తెల్వదు, మూడూ కలిసినట్టున్నయి. ఎవరో చాయ్ తెచ్చిండ్రు, షుగర్ పడిపోయిందని డాక్టరమ్మ దాంట్ల చక్కెర పొట్లాలు చింపి చింపి పోసి కొంచెం కొంచెం తాగిచ్చింది. సగం ఒలికింది. కొద్దిసేపటికి బాపు కండ్లు నిలవడ్డయి. నా మొఖం చూసిండు, తన ఛాతీ దిక్కు చూసుకున్నడు.

"అంగి మీద చాయ్ పడ్డది బిడ్డా" అన్నడు, తప్పు చేసినోని లెక్క.

నేను ఆడనే, గంత మంది నడుమ, ఎక్కెక్కి ఏడ్చిన.

మర్నాడు పోయి సార్‌కు మొత్తం చెప్పిన. పానం అంటే ఏందో చెప్పిన, పుస్తకాలల్ల అదే మాటకు తాగుడు అని అర్థమని చెప్పిన. నేను దాన్ని ఎక్కడా రాయలేదు కాబట్టి మిషన్‌కు వార్తలల్ల వచ్చే మద్యపానం, ధూమపానమే ఎరుక అని చెప్పిన. సార్ కంప్యూటర్ల నా ఫైళ్లు తెరిచిండు. దవాఖానోళ్లు ఇప్పుడప్పుడే వద్దన్నరట. "ఎన్ని ఫైళ్లు మార్చినవ్?" అన్నడు. "అన్నీ" అన్న. "మరి అన్నీ మళ్ల విను" అన్నడు. తిట్టినా బాగుండు అనిపించింది.

గల్లీల మాత్రం పండుగే అయింది. బాపు డ్యూటీకి పోతుంటే, "మామా, పానం లైటా స్ట్రాంగా?" అని ఆట పట్టిచ్చుడు. బాపు సుత నవ్వి, "పోలీసులకు చెప్పకుండ్రి" అనేటోడు. ఆయన నవ్వినా కొద్దీ నాకు లోపల గుచ్చుకునేది.

పని మొదటికెళ్లి మొదలుపెట్టిన. ఒక్కొక్క ఫైలు తెరిచి, నా శుద్ధమైన తెలుగును తుడిపి, వాళ్లు అన్నది అన్నట్టు కొట్టుకుంట పోతున్న. ఐదో దినం పొద్దుగాల బాపు ఫైలు వచ్చింది. ఎనిమిది నెలల కింద మా గల్లీల అందరూ మాటలు రికార్డు చేసి ఇచ్చిండ్రు, వాళ్లతోపాటు బాపు సుత ఇచ్చిండు. గా మాటలు వినేది నేనేనని ఆయనకు ఎరుక లేదు, కంప్యూటర్ పని అంటే ఏదో లెక్కల పని అనుకున్నడు. మీ ఆరోగ్య సమస్య చెప్పండి అని ప్రశ్న. నేను రాసింది ఒక్కటే వాక్యం, "నాకు మధ్యాహ్నం పూట ఆరోగ్యం సరిగా ఉండడం లేదు." మిగిలినదాన్ని అనవసరం అని గుర్తు పెట్టి కత్తిరిచ్చిన. గా గొంతు గంత జోరుగ, గంత మోటుగ ఉంటే, మేడం వింటదేమోనని గప్పుడు నాకు సిగ్గయింది.

కత్తిరిచ్చిన ముక్కను ఇప్పుడు విన్న.

"పగటీలి కాంగనే పానం ఎట్లనో అయితది. చెమటలు వడ్తయి, చేతులు వణుకుతయి. సాంచ ఇడిచిపెట్టి తినరాదు గదా, గట్లనే పట్టుకొని నిలవడ్త. ఇంట్ల చెప్పలే. మా బిడ్డకు తెలిస్తే పరేషాన్ అయితది. గిది మిషనే వింటది గదా, అందుకని చెప్తున్న."

ఎనిమిది నెలల కింద గీ మాటలు నా చెవులల్లనే పడ్డయి. గా దినం నాకు వినవడ్డయి ఆయన తప్పులే.

హెడ్‌ఫోన్లు తీసి బయటి అర్రలకు పోయిన. బాపు డబ్బ సంచిల పెట్టుకొని చెప్పులేసుకుంటున్నడు.

"బాపూ, పానం ఎట్లున్నది?" అన్న.

బాపు సక్కగ నిలవడ్డడు. మైకు ముంగట నిలవడ్డట్టే. "ఆరోగ్యం బాగానే ఉంది" అన్నడు, దీర్ఘం సుత తీసి.

"గట్ల కాదు బాపూ" అన్న. "నేను నేర్పిచ్చినట్టు వద్దు. నీ మాటల చెప్పు."

బాపు సంచి కింద పెట్టిండు. చెప్పులు ఇడిచి గడప మీద కూసున్నడు.

"పగటీలి అయితే జర…" అని మొదలుపెట్టిండు.